తప్పు కూడా ఆమెదే

బడుల్లో సైన్స్ ప్రదర్శన దగ్గర పడే వారంలో ఒకసారి మదురై వైపు, తెలుగువాళ్లుండే రాజపాళయం బజారుకు వెళ్లి చూడండి. తండ్రులు స్కూటరు ముందు భాగంలో థర్మాకోల్ అగ్నిపర్వతాలు నిలబెట్టుకుని పోతుంటారు. తల్లులు ఆటోలో గాలిమరను ఒళ్లో పెట్టుకుని, గాలికి అది ఎక్కడ తిరిగిపోతుందోనని చేత్తో అదిమిపట్టి కూర్చుంటారు. దుకాణంలో ‘తొమ్మిదో తరగతికి ఒకటి ఇవ్వండి’ అంటే చాలు, రంగులు వేసి, తీగలు బిగించి, పిల్లల పేరు రాసుకోవడానికి చోటు ఖాళీగా ఉంచి మరీ ఇస్తారు. మర్నాడు ఆ ఖాళీలో ఒక పేరు పడుతుంది. చప్పట్లు మోగుతాయి. ఫోటోలు తీస్తారు. ఆ పిల్లను పక్కకు పిలిచి ‘ఈ తీగ ఎందుకమ్మా?’ అని అడిగే పుణ్యాత్ముడు మాత్రం ఉండడు.

మీలో ఎవరైనా అలా కొనుంటే నామీద కోపం తెచ్చుకోకండి. కొన్నవాళ్ల గురించి కాదు నేను చెప్పబోయేది. కొనడం కూడా దండగని, ఇంకొకరి బిడ్డ చేతిలోంచి లాక్కున్నవాళ్ల గురించి. లాక్కున్నవాడి మీద పగబట్టిన ఒక టీచరు గురించి.

ఆవిడ పేరు పంకజవల్లి. తండ్రికి బజారులో నూనె కొట్టుండేది. నలభై ఏడేళ్ల మనిషి, తొమ్మిదో తరగతికి సైన్సు చెబుతుంది. చదువుకున్నదీ ఆ బడిలోనే, చదువు చెబుతున్నదీ ఆ బడిలోనే. ఆ బడిని నడిపే నందకుమార్, ఊళ్లో అందరూ కరస్పాండెంట్ సార్ అనే పెద్దమనిషి, ఒకప్పుడు ఆవిడతో పాటు అదే తొమ్మిదో తరగతిలో కూర్చున్నవాడే. అప్పట్లో బడి అతని తండ్రిది. ఆ ఏడాది పంకజవల్లి పాత ట్రాన్స్‌ఫార్మర్ తీగ చుట్టి, నెల రోజులు వేళ్లు కోసుకుని, ఒక కరెంటు గంట చేసింది. ప్రదర్శన రోజున దాని మీద నందకుమార్ పేరుంది. పంకజవల్లిని స్విచ్చిబోర్డు పట్టుకుని పక్కన నిలబడమన్నారు. నిలబడింది. గంట మోగింది. కప్పు అతనికి వెళ్లింది.

ముప్పై రెండేళ్లయింది. మరిచిపోయిందనుకున్నారా? అబ్బే. బళ్లో గంట మోగిన ప్రతిసారీ ఆవిడకు ఒళ్లు మండేది. పైకి మాత్రం ‘గుడ్ మార్నింగ్ సార్’ అనేది.

అలాంటి మనిషి ఆ ఏడాది ఒక కొత్త పని మొదలుపెట్టింది. శుక్రవారం చివరి రెండు పీరియడ్లూ పుస్తకం మూసేయమంది. “మీ ఇంట్లో మిమ్మల్ని సతాయించే ఒక కష్టం చెప్పండి. ఫోనుతోనో కంప్యూటరుతోనో దాన్ని ఎట్లా తీర్చవచ్చో మనమే చూద్దాం. కొని తెచ్చింది మాత్రం నా ల్యాబులోకి రాకూడదు” అంది. ఒకడు మిద్దె మీది ట్యాంకు నిండితే మోటారు దానంతటదే ఆగే ఏర్పాటు చేశాడు. ఒకతె తన చెల్లెలికి ఎక్కాలు అప్పజెప్పించుకునే ఆట తయారుచేసింది. జనని అనే పిల్ల మాత్రం అందరి వంతూ అయ్యాక, తల వంచుకుని తన కష్టం చెప్పింది.

“మా అవ్వకి చెవులు వినపడవు టీచర్. తరిలో నూలు తెగితే ఆమెకి తెలీదు.”

జనని అవ్వ పేరు మూక్కమ్మాళ్. నందకుమార్‌కే బ్యాండేజి బట్ట నేసే షెడ్డు ఒకటుంది. అందులో నలభై ఏళ్లుగా మరమగ్గాల ముందు నిలబడుతోంది. అక్కడివాళ్లు మగ్గాన్ని తరి అంటారు. ఒకప్పుడు నాలుగు తరులు ఒకేసారి ఆడుతుంటే, వీపు తిప్పి నిలబడి, ఏ తరిలో పేక నూలు తెగిందో శబ్దాన్ని బట్టి చెప్పేసేది. ఆ శబ్దమే ఆమె చెవుల్ని తినేసింది. ఇప్పుడు కంటికి కనబడితేనే తెలుస్తుంది. తెలిసేలోపల జానెడు బట్ట పాడవుతుంది. పాడైన ప్రతిసారీ సూపర్‌వైజరు నోటికొచ్చినట్టు అంటాడు. అతన్ని ఏమీ అనలేక మూక్కమ్మాళ్ తరిని తిడుతుంది. చెవులు వినబడని మనిషి కదా, ఆ తిట్టు వీధి చివరిదాకా వినబడుతుంది.

“అవ్వకి బదులు కంప్యూటర్ వినేదానికి అవుతుందా టీచర్?” అని అడిగింది జనని.

ఎందుకు కాదు? పసిబిడ్డకు పిల్లిని చూపించి పిల్లి అనీ, కుక్కను చూపించి కుక్క అనీ నేర్పినట్టే, కంప్యూటరుకు శబ్దాలు వినిపించి ఇది మంచిది, ఇది చెడ్డది అని నేర్పవచ్చు. మూడు నెలలు రోజూ సాయంత్రం బడి వదలగానే జనని షెడ్డుకు వెళ్లి కూర్చుంది. ఫోనులో తరి శబ్దం పట్టింది. నూలు బాగా నడుస్తున్న శబ్దాలు ఒక కుప్ప, తెగినప్పటి శబ్దాలు ఇంకో కుప్ప. రెండూ కలిపి నాలుగు వందలు. వాటిని ల్యాబులో కంప్యూటరుకు వినిపించి, అది నేర్చుకున్నదాన్ని అరచేతిలో పట్టే చిన్న యంత్రంలోకి ఎక్కించి, దాన్ని పాత టిఫిన్ డబ్బాలో అమర్చి, ఒక మైకు, ఒక పచ్చ దీపం, ఒక ఎర్ర దీపం, ఒక బజరు తగిలించింది. డబ్బా మీద సొట్టలున్నాయి. చూడ్డానికి ఏమీ బాగుండదు.

షెడ్డులో పెట్టి చూసిన రోజు పంకజవల్లి కూడా వెళ్లింది. నూలు తెగింది. మూక్కమ్మాళ్ తిట్టు అందుకుంది. టక్కున ఎర్ర దీపం వెలిగింది. ఇంకోసారి తెగింది, ఇంకోసారి వెలిగింది. పదిసార్లకు పదిసార్లూ! మూక్కమ్మాళ్ ఆ దీపాన్ని వేలితో తాకి చూసి, మనమరాలి బుగ్గలు రెండూ పట్టుకుని గట్టిగా అరిచింది.

“నాకు చెవి మళ్లీ పుట్టినాదే తల్లీ!”

జనని ఏడ్చేసింది. పంకజవల్లికీ కళ్లు చెమర్చాయి. ఆ సంతోషంలో ముగ్గురికీ ఒక సంగతి తట్టలేదు. ఆ సంగతికి తర్వాత వద్దాం.

చోళపురం, తళవాయిపురం, మంసాపురం బళ్లన్నీ కలిసి చేసే సైన్స్ ప్రదర్శన ఆ ఏడాది వీళ్ల బడి ఆవరణలోనే జరగాలి. మొదటి బహుమతి వచ్చిన పిల్లకు చెన్నైలో నెల రోజుల శిక్షణ. పేర్లు పంపే రోజున నందకుమార్ పంకజవల్లిని తన గదికి పిలిచాడు. బల్ల మీద జనని డబ్బా ఉంది. ల్యాబులోంచి ఎవరు తెచ్చారో, ఎప్పుడు తెచ్చారో ఆవిడకు తెలియదు.

“టీచర్, ఈ ప్రాజెక్టు బాగుండాది. షెడ్డులో నేనే పోయి చూసినాను, పక్కాగా వెలుగుతా ఉండాది. మన త్రిష పేరుతో పంపించండి.”

త్రిష అతని కూతురు. అదే తొమ్మిదో తరగతి.

“సార్, అది జనని చేసింది.”

“ల్యాబు ఎవరిది? కంప్యూటర్ ఎవరిది? తరి ఎవరిది? అన్నీ నావి. ఆ పిల్ల చుమ్మా కూర్చోని బటన్ నొక్కినాది, అంతే కదా. హెల్పర్ అని పేరు వేయండి, వద్దనలేదు.”

“సార్, మూడు నెలలు…”

“మూక్కమ్మాళ్ మనమరాలు స్టేజి ఎక్కి జడ్జీల ముందర ఏం మాట్లాడుతుంది టీచర్? స్కూలు పరువు చూడొద్దా?” అని, గొంతు తగ్గించి నవ్వాడు. “పంకజం, నువ్వు అప్పుడూ ఇంతే మొండి. అప్పుడు ఏమన్నా నష్టమైపోయినావా? చూడు, టీచర్ అయినావు కదా.”

పంకజవల్లి అతని ముఖంలోకి చూసింది. అంటే వీడికి గుర్తుంది! ముప్పై రెండేళ్లుగా ఆ సంగతి తనొక్కతే మోస్తున్నాననుకుంది. వీడికీ గుర్తుంది, గుర్తుండి కూడా నవ్వుతున్నాడు. ఆ గదిలోంచి బయటికి వచ్చిన పంకజవల్లి, లోపలికి వెళ్లిన పంకజవల్లి కాదు. వీణ్ణి నలుగురి ముందూ నిలబెట్టి తల దించుకునేలా చేయకపోతే నేను మా అమ్మకు పుట్టలేదనుకుంటాను అని ఒట్టు పెట్టుకుంది.

జననికి చెప్పాల్సి వచ్చింది. ఆ పిల్ల ఏడవలేదు, అరవలేదు.

“సరి టీచర్,” అంది. “ఇంగ నేను కంప్యూటర్ తాకను. పదో తరగతి అయినాక అవ్వతో షెడ్డుకి పోతాను.”

మర్నాటి నుంచి ల్యాబుకు రావడం మానేసింది. తరగతిలో కూడా చివరి బెంచీలో కూర్చుని, అడిగినా పలికేది కాదు. చూడండి, ఒక డబ్బా పోతే ఇంకో డబ్బా చేసుకోవచ్చు. ఆ పిల్లలో ఆరిపోయింది డబ్బా కాదు.

ప్రదర్శనకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. మధ్యాహ్నం భోజనాల వేళ ల్యాబులో ఒంటరిగా కూర్చుని, చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, జనని పట్టిన శబ్దాలు ఒక్కొక్కటీ వినసాగింది పంకజవల్లి. ఎందుకని అడిగితే ఆవిడే చెప్పలేకపోయేది. పోయిన బిడ్డ బట్టలు తల్లి మడతపెట్టుకుంటుందే, అలాగనుకోండి.

బాగున్న శబ్దాలు విన్నది. టకటకా, టకటకా. పేక నూలు మోసే నాడె ఇటు నుంచి అటు పరుగెడుతోంది, అంతే. తెగిన శబ్దాలు విన్నది. టకటకా, టకటకా, దాని మీద మూక్కమ్మాళ్ గొంతు: “నాశమైపోను నువ్వు, మళ్లీ తెంపినావా!” తర్వాతది. “పాడు తరీ, నీ నోట్లో మన్ను పొయ్య!” ఆ తర్వాతది. “నీ పాడె కట్ట!” పదోది, ఇరవయ్యోది, యాభయ్యోది. తిట్టు లేని శబ్దం ఒక్కటంటే ఒక్కటి లేదు.

పంకజవల్లి ఇయర్‌ఫోన్లు లాగేసింది.

అయ్యో రామా! నూలు తెగిందని జననికి ఎలా తెలిసింది? అవ్వ తిట్టినప్పుడు తెలిసింది. తిట్టు వినబడగానే ‘తెగిన కుప్ప’లో వేసింది. అంటే ఆ యంత్రం నేర్చుకున్నది నూలు తెగిన శబ్దం కాదు. అది మూక్కమ్మాళ్ తిట్టు నేర్చుకుంది!

కంప్యూటరులో ఇంకో నకలుంది. పంకజవల్లి తలుపు దగ్గరకు వేసి వచ్చి, దాని ముందు నోరు పెట్టి “నాశమైపోను నువ్వు!” అని గట్టిగా తిట్టింది. తెర మీద ఎర్ర దీపం వెలిగింది. తర్వాత షెడ్డుకు వెళ్లి, మూక్కమ్మాళ్ పక్కన లేని సమయం చూసి, నూలు తెగిన తరి శబ్దాన్ని ఫోనులో పట్టుకొచ్చి వినిపించింది. పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. ఆవిడ పైట నోట్లో కుక్కుకుని నవ్వింది. ముప్పై రెండేళ్లలో అంత నవ్వు నవ్వలేదు.

మంచి టీచరైతే ఏం చేయాలి? పరుగున వెళ్లి జననిని పిలిచి, ఇదిగోనమ్మా నీ తప్పు, దిద్దుకో అనాలి. ఆవిడకు ఆ మాట తట్టింది. తట్టలేదని నేను అబద్ధం చెప్పను. దాన్ని పక్కకు నెట్టేసింది. ఈ సంగతి జననికి తెలిస్తే ఎవరితోనన్నా అంటుంది, అది వాడి చెవిన పడుతుంది, వాడు మదురై నుంచి ఎవణ్ణో పిలిపించి బాగు చేయించుకుంటాడు. వద్దు. నోరు కుట్టేసుకుంది.

ఆ సాయంత్రమే నందకుమార్ గదికి వెళ్లింది.

“సార్, శబ్దం ఫోనులో వినిపిస్తే జడ్జీలకు ఏం ఆనందం? నిజం తరినే తెచ్చి స్టేజి మీద ఆడిస్తే ఊరంతా చెప్పుకుంటుంది.”

నందకుమార్ కళ్లు మెరిశాయి. గొప్పలంటే అతనికి ప్రాణం. “ఆమా! లారీలో వేసి తెప్పిస్తాను. ఆడించేదానికి మూక్కమ్మాళ్ ఉండనే ఉండాది.”

“అదే సార్ నా బెంగ,” అంది పంకజవల్లి, ముఖం ఎంతో దిగులుగా పెట్టి. “ఆమె నోటికి అడ్డూ ఆపూ లేదు. నూలు తెగితే నానా బూతులూ తిడుతుంది. పెద్దవాళ్లందరూ వస్తారు. కాస్త ముందే చెప్పి పెట్టండి.”

“ఒక్క మాట నోట్లోంచి వచ్చిందా, రేపటి నుంచి షెడ్డులో అడుగు పెట్టనివ్వను. నేను చూసుకుంటాను టీచర్.”

తన ఉరికి తనే ముడి వేసుకుంటున్నాడని ఆ మహానుభావుడికి తెలియదు. పంకజవల్లి ఆ ఎనిమిది రోజులూ కడుపునిండా తిని హాయిగా నిద్రపోయింది.

ప్రదర్శన రోజు వచ్చింది. స్టేజి మీద తరి. పూలదండ వేసి, కుంకుమ పెట్టారు. పక్కన పట్టుపావడా కట్టుకుని, చేతిలో ఇంగ్లీషు కాగితంతో త్రిష. డబ్బాకు బంగారు రంగు పూయించారు, దాని మీద త్రిష పేరు పెద్ద అక్షరాలతో రాసిన కాగితం అంటించారు. జనని స్టేజి కింద కరెంటు తీగ పట్టుకుని నిలబడింది. హెల్పరు కదా! ముందు వరుసలో పంకజవల్లి ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది.

పెద్ద జడ్జి రాజగోపాలన్. పుట్టింది రాజపాళయంలోనే, కోయంబత్తూరులో మగ్గాల యంత్రాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఇంజినీరుగా పనిచేసి రిటైరైనవాడు. త్రిష కాగితం చదవడం పూర్తిచేసింది. చప్పట్లు కొట్టారు. తరి ఆడటం మొదలైంది. పచ్చ దీపం వెలిగింది.

రాజగోపాలన్ జేబులోంచి చిన్న కత్తెర తీసి, పేక నూలును టక్కున కత్తిరించాడు.

తరి ఆడుతూనే ఉంది. నాడె ఉత్తినే అటూ ఇటూ పోతోంది. బట్ట పడటంలేదు. మూక్కమ్మాళ్ చూసింది. ఆమె ముఖం ఎర్రబడింది, దవడలు బిగుసుకున్నాయి, పెదవులు కదిలాయి. కానీ నోరు తెరవలేదు. యజమాని ఆజ్ఞ!

పచ్చ దీపం వెలుగుతూనే ఉంది.

“ఇంకోసారి చూద్దాం,” అన్నాడు రాజగోపాలన్. నూలు ముడివేయించి, మళ్లీ కత్తిరించాడు. పచ్చ దీపమే. మూడోసారి. పచ్చ దీపమే. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. త్రిష చేతిలోని కాగితాన్ని అటూ ఇటూ తిరగేస్తోంది. నందకుమార్ ముందు వరుసలోంచి లేచి, మెట్లు రెండేసి ఎక్కుతూ స్టేజి మీదికి దూకాడు. కోపం ఎవరి మీద చూపాలి? చేతికందింది ముసలామె.

“ఏం చేసినావు నువ్వు? తరి సరిగా ఆడించేదానికి తెలీదా? కావాలని చేస్తా ఉండావా?”

మూక్కమ్మాళ్‌కు మాటలు వినబడలేదు కానీ, వేలు చూపించడం కనబడింది. ముఖం కనబడింది. అంతే, నలభై ఏళ్ల కట్ట తెగింది. ఆమె నోరు తెరుస్తుండగానే పంకజవల్లి పెదవుల మీద నవ్వు వచ్చేసింది.

“నాశమైపోను నువ్వు! నన్నా అనేది? నలభై ఏండ్లు నీ తరి ముందర నిలబడి చెవులు పోగొట్టుకొంటిని కదరా!”

బర్‌ర్‌ర్! ఎర్ర దీపం వెలిగింది. బజరు మోగింది.

“నా మనమరాలు చేసినదాని మీద నీ బిడ్డ పేరు వేసుకొంటివే, నీ నోట్లో మన్ను పొయ్య!”

బర్‌ర్‌ర్!

అప్పటికి ఎవరో తరి ఆపేశారు. తరి ఆగిపోయినా బజరు ఆగలేదు. మూక్కమ్మాళ్ ఒక్కో తిట్టుకూ ఒక్కో మోత. మొదట పిల్లలు నవ్వారు. తర్వాత టీచర్లు నవ్వారు. ఆఖరికి చోళపురం హెడ్మాస్టరు కుర్చీలోంచి జారిపోయేంతగా నవ్వాడు. ఇటు తిట్టు, అటు మోత, మధ్యలో నందకుమార్. పారిపోదామంటే స్టేజి మెట్ల దగ్గర జనం.

“టీచర్! ఇదేంటో చూడండి!” అని పంకజవల్లి వైపు కేకవేశాడు.

పంకజవల్లి నెమ్మదిగా లేచి నిలబడింది. ఆ ఒక్క మాట కోసమే ముప్పై రెండేళ్లు బతికినట్టుగా అంది:

“నాకేం తెలుస్తుంది సార్? పేరు మీ అమ్మాయిది కదా. ఆమెనే అడగండి.”

రాజగోపాలన్ త్రిష వైపు తిరిగాడు. “చెప్పమ్మా, ఇది ఎందుకు ఇట్లా చేస్తా ఉండాది?”

త్రిష మైకు ముందు నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. “నాకు తెలీదు సార్. అప్పా దీన్ని ఇంటికి తెచ్చినారు. ఇంగ ఇది నీది అని చెప్పినారు. నేను వద్దంటే వినలేదు.”

నవ్వులు ఆగిపోయాయి. నందకుమార్ తల దించుకున్నాడు. పంకజవల్లి చూస్తుండగానే, నలుగురి ముందూ, నాలుగు వందల మంది ముందూ దించుకున్నాడు. ఆవిడ ఒట్టు తీరింది. గుండెల్లో చల్లగా ఉంది, ఆ పిల్ల ఏడుపు వినబడిన చోట తప్ప.

అప్పుడు స్టేజి కింది నుంచి జనని కరెంటు తీగ వదిలేసి పైకి వచ్చింది. ఎవర్నీ చూడలేదు. డబ్బా దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, అవ్వ చెవి దగ్గర అరిచింది.

“అవ్వా, ఇంకోసారి తిట్టు!”

“ఎవర్నే?”

“ఎవర్నైనా!”

మూక్కమ్మాళ్ సంతోషంగా మళ్లీ నందకుమార్‌నే అందుకుంది. ఎర్ర దీపం. జనని అవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. పచ్చ దీపం. తరి ఆడించి నూలు తెంపింది. పచ్చ దీపం. లేచి నిలబడింది. కళ్లు వెలుగుతున్నాయి. పేరు పోయిన రోజు నుంచి ఆ కళ్లలో లేని వెలుగు.

“సార్, దొరికినాది! తప్పు నాది. నూలు తెగినప్పుడంతా అవ్వ తిట్టినాది. నేను ఆ తిట్టుతో కలిపే రికార్డు చేసినాను. ఇది నూలు శబ్దం నేర్చుకోలేదు సార్, మా అవ్వ గొంతు నేర్చుకున్నాది. అవ్వ నోరు మూసుకోని ఉన్నప్పుడు మళ్లీ రెండు వందలు రికార్డు చేసి నేర్పిస్తే సరిపోతుంది. నేను చేస్తాను.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. రాజగోపాలన్ మైకు అందుకున్నాడు.

“ముప్పై ఏండ్ల సర్వీసులో నేను యంత్రాలు చేసినవాళ్లని ఎంతోమందిని చూసినాను. యంత్రం ఆడుతుంటే పక్కన నిలబడి ఫోటో తీసుకునేదానికి నూరు మంది వస్తారు. అది ఆగిపోతే, ఎందుకు ఆగినాదో చెప్పేది ఒక్కరే. చేసినది ఆ ఒక్కరే.” డబ్బా మీదున్న పేరు కాగితాన్ని గోటితో గీకి తీసేసి, జనని చేతికి కలం ఇచ్చాడు. “రాసుకో తల్లీ.”

మొదటి బహుమతి జననికి వచ్చింది. నందకుమార్ పక్క గుమ్మం గుండా వెళ్లి కారెక్కాడు. మర్నాటి నుంచి అతను వరండాలో నడుస్తుంటే, ఏదో తరగతిలోంచి సన్నగా ‘బర్‌ర్‌ర్’ అని వినబడేది. ఎవరన్నారో తెలియదు. ఊళ్లో అతనికి బజర్ సార్ అనే పేరు స్థిరపడింది. మూక్కమ్మాళ్‌ను పనిలోంచి తీసేద్దామనుకున్నాడు గానీ, ఇంత జరిగాక ఆ ధైర్యం కూడా లేకపోయింది. పంకజవల్లి ఇవన్నీ చూసి మనసారా సంతోషించింది. సంతోషించలేదని అనను.

కథ ఇక్కడితో ఆపేస్తే మీకూ బాగుంటుంది, నాకూ బాగుంటుంది. ఆపడానికి లేదు.

ప్రదర్శన రోజు సాయంత్రమే, అందరూ వెళ్లిపోయాక, జనని డబ్బా పట్టుకుని ల్యాబుకు వచ్చింది. పంకజవల్లి చేతులు చాచి “రావే బంగారం!” అంది. జనని గుమ్మంలోనే నిలబడింది.

“టీచర్, అవ్వ నోరు తెరిచేటప్పుడు మీరు నవ్వినారు. ఎర్ర లైటు రాకముందే నవ్వినారు. నేను కిందినుంచి చూసినాను.”

పంకజవల్లి చేతులు దించేసింది.

“మీకు ముందే తెలుసు. ఎన్ని దినాలుగా?”

“తొమ్మిది దినాలు.”

“తొమ్మిది దినాలు!” జనని గుమ్మం దాటి లోపలికి వచ్చింది. “నాకు చెప్పి ఉంటే నా తప్పు నేనే అప్పుడే సరిచేసి ఉంటాను కదా. అవ్వని స్టేజి మీద సార్ అట్లా అనే పని లేదు. త్రిష ఏడ్చే పని లేదు. ఆమె ఏమి చేసినాది పాపం?”

“ఆ నందకుమార్‌కి బుద్ధి రావాలని…”

“అది మీ పగ టీచర్. కరస్పాండెంట్ సార్ నా పేరు తీసుకున్నారు. మీరు నా తప్పు తీసుకున్నారు. మీ పని కోసం వాడుకున్నారు.”

సరస్వతి లాంటి పిల్ల ఎదురుగా నిలబడి నిలదీస్తుంటే పంకజవల్లి ఏం చెబుతుంది? ముప్పై రెండేళ్ల కిందట తను స్విచ్చిబోర్డు పట్టుకుని నిలబడ్డప్పుడు నోట్లో మాట లేక మింగేసింది. ఈ పిల్ల మింగలేదు, ముఖం మీద అడిగేసింది. సిగ్గుతో పాటు ఎక్కడో చిన్న గర్వం కూడా కలిగింది ఆవిడకు.

“నన్ను క్షమించమ్మా,” అంది.

జనని క్షమించానని అనలేదు. డబ్బాను బల్ల మీద పెట్టి, మూత తీసింది. “త్రిష కూడా వస్తానంటా ఉండాది. రానీండి. షెడ్డులో నా పక్కన నేల మీద కూర్చోని రెండు వందలూ ఆమె కూడా రికార్డు చెయ్యాల. వాళ్ల అప్పా కారు దిగి వచ్చి చూడాల,” అంది. ఆ పిల్లకూ పగ ఉంది, చూశారా! కానీ ఆ పగలో ఒక పని ఉంది. అది మన పెద్దవాళ్ల పగకు లేని గుణం.

సోమవారం ఉదయం ప్రార్థన అయ్యాక పంకజవల్లి మైకు ముందుకు వచ్చింది. టీచర్లందరూ ఉన్నారు. నందకుమార్ కూడా, ముఖం పక్కకు పెట్టుకుని, ఉన్నాడు. ఆవిడ జరిగినదంతా దాచకుండా చెప్పింది. తొమ్మిది రోజుల సంగతీ చెప్పింది. వింటున్న పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. టీచరు తన తప్పు తానే చెప్పడం వాళ్లు ఎప్పుడూ చూసి ఉండరు.

“కరస్పాండెంట్ సార్ తల దించుకున్నందుకు నాకు రవ్వంత కూడా విచారం లేదు,” అంది చివరికి. “అది ఆయన సంపాదించుకున్నదే. నా విచారం వేరే. పిల్లలు యంత్రం చేస్తే అది వాళ్ల చదువు కాదు. అందులో తప్పు వస్తే, దాన్ని వెతికి దిద్దుకుంటారే, అదే వాళ్ల చదువు. పిల్లల పేరు లాక్కున్నవాడు ఒక దొంగ. వాళ్ల తప్పు తెలిసి కూడా వాళ్లకు చూపించకుండా, తన అవసరానికి దాచుకున్న టీచరు అంతకంటే పెద్ద దొంగ.”